‘ఎ’ సర్టిఫికెట్టు ఎవరికి నష్టం?



సినిమా మొదలయ్యే ముందు తెర మీద కొన్ని క్షణాలపాటు ఒక సర్టిఫికెట్టు కనబడుతుంది. హాలులో ఈలలు, కాగితాలు ఎగరేయడం జరుగుతుండగా దానిని చదివేవారు ఉండరు. అయితే ఆ కాగితం మీద ఉండే ఒక్క అక్షరం కోసం నిర్మాతలు నెలల తరబడి బోర్డుతో వాదిస్తారు, కోతలకు ఒప్పుకుంటారు, అవసరమైతే కోర్టు మెట్లు కూడా ఎక్కుతారు. 2025 ఆగస్టులో రజనీకాంత్ నటించిన ‘కూలీ’ విషయంలో అదే జరిగింది. సెన్సారు బోర్డు ఆ చిత్రానికి ‘ఎ’ ఇచ్చింది. ఆ సర్టిఫికెట్టుతోనే ఆగస్టు 14న విడుదల చేసిన నిర్మాణ సంస్థ, ఆ తరువాత ‘యు/ఎ’ ఇప్పించమని మద్రాసు హైకోర్టును ఆశ్రయించింది. పిల్లలున్న కుటుంబాలు హాలుకు రాలేకపోతున్నాయనీ, ఇంతే హింస ఉన్న వేరే చిత్రాలకు ‘యు/ఎ’ ఇచ్చారనీ వాదించింది. ఆ నెలాఖరులోనే కోర్టు పిటిషనును కొట్టివేసింది.

ఆ వాదనలో కుటుంబాలు, పిల్లలు అన్న మాటలు వినిపించాయి. కానీ అక్కడ లెక్క పిల్లల క్షేమానిది కాదు, పిల్లల టికెట్లది. ఏలూరు, తాడేపల్లిగూడెం పట్టణాల్లోను, కొల్లేటి లంక గ్రామాల్లోను ఉన్న మన సంఘాల కుటుంబాలు ఈ లెక్కను అర్థం చేసుకోవాలని ఈ సంపాదకీయం రాస్తున్నాము.

ముందుగా అక్షరాల సంగతి. మన దేశంలో సినిమాలకు సర్టిఫికెట్టు ఇచ్చేది 1952 నాటి సినిమాటోగ్రాఫ్ చట్టం. మొదట్లో అందరికీ ‘యు’, పెద్దలకు మాత్రమే ‘ఎ’ అని రెండే తరగతులు ఉండేవి. 1983లో ఆ రెంటికీ నడుమ ‘యు/ఎ’ వచ్చింది, ప్రత్యేక వర్గాల కోసం ‘ఎస్’ కూడా చేరింది. 2023లో పార్లమెంటు చట్టాన్ని సవరించి ‘యు/ఎ’ను మళ్లీ మూడుగా విభజించింది: 7 దాటినవారు, 13 దాటినవారు, 16 దాటినవారు. ఓటీటీ వేదికలకు 2021 నిబంధనల్లోనే ఇలాంటి విభజన ఉంది. సినిమా హాళ్లకు అది ఆలస్యంగా వచ్చింది.

ఇక్కడ చాలామంది తల్లిదండ్రులకు తెలియని తేడా ఒకటుంది. ‘ఎ’ అంటే నిషేధం. 18 ఏళ్లు నిండని పిల్లను తండ్రి పక్కన కూర్చోబెట్టుకున్నా హాలులోకి రానివ్వకూడదు. అలా చూపించడం చట్టవిరుద్ధం. ‘యు/ఎ’ అంటే నిషేధం కాదు, సలహా మాత్రమే. ‘16 ప్లస్’ అని రాసి ఉన్నా, పదేళ్ల బాబును తీసుకువెళ్లాలా వద్దా అన్న నిర్ణయం తల్లిదండ్రులదే. అమెరికాలో ‘ఆర్’ అనే తరగతి ఉంది. పదిహేడేళ్ల లోపువారు పెద్దల తోడుతో దానిని చూడవచ్చు. మన ‘ఎ’ అంతకన్నా కఠినమైనది, కాగితం మీద.

ఆ కఠినత్వమే నిర్మాతకు భయం. మన ప్రాంతపు హాళ్ల లెక్క చూడండి. కొల్లేటి గ్రామం నుండి ఆటో కట్టించుకుని కైకలూరుకో, ఆకివీడుకో, ఏలూరుకో సినిమాకు వచ్చే ఇంటిల్లిపాదిలో అమ్మ, నాన్న, ఇద్దరు పిల్లలు ఉంటారు. ‘ఎ’ అయితే తగ్గేది ఇద్దరు పిల్లల టికెట్లు మాత్రమే కాదు. పిల్లల్ని వదిలి రాలేక తల్లి ఆగిపోతుంది, తల్లి రాకపోతే తండ్రి కూడా ఆగిపోతాడు. నాలుగు టికెట్లు సున్నా అవుతాయి. పండుగ రోజుల్లో హాలు నింపేది కుర్రకారైతే, రెండో వారం నిలబెట్టేది ఈ కుటుంబాలే. దీనికి తోడు టీవీ హక్కుల బెడద ఉంది. ‘ఎ’ చిత్రాన్ని ఉన్నది ఉన్నట్టుగా టీవీలో వేయడానికి వీలులేదు, కోతలు పెట్టి వేరే సర్టిఫికెట్టు తెచ్చుకోవాలి. కాబట్టి వ్యాపారపరంగా ‘ఎ’ అనేది నిజంగా ఒక బరువే.

అయితే మరి ‘ఎ’ చిత్రాలు డబ్బు చేసుకోవడం లేదా అని మన యౌవనస్థులు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. 2017లో వచ్చిన ‘అర్జున్ రెడ్డి’ ‘ఎ’ చిత్రమే, చిన్న ఖర్చుతో తీసి పెద్ద లాభం చూసింది. అదే దర్శకుడు హిందీలో తీసిన ‘యానిమల్’ 2023 డిసెంబరులో ‘ఎ’తోనే వచ్చి ప్రపంచవ్యాప్తంగా సుమారు 900 కోట్ల రూపాయలు వసూలు చేసింది. అదే నెలలో వచ్చిన ప్రభాస్ ‘సలార్’ కూడా ‘ఎ’. 2025లో నానీ ‘హిట్ 3’, పవన్ కళ్యాణ్ ‘ఓజీ’ కూడా ‘ఎ’లే. ‘ఓజీ’ బెనిఫిట్ షో టికెట్టును మన రాష్ట్రంలో వెయ్యి రూపాయలకు అమ్ముకోవడానికి ప్రభుత్వమే అనుమతి ఇచ్చింది.

ఈ పేర్లు చూసి ‘ఎ’ ఉంటేనే ఆడుతుంది అనుకుంటే పొరపాటు. గెలిచినవాటి పేర్లే మనకు గుర్తుంటాయి. ‘ఎ’తో వచ్చి మూడో రోజుకే పోస్టరు మారిపోయిన సినిమాల పేర్లు ఎవరికి గుర్తున్నాయి? అమెరికాలో ఆర్థర్ డివేనీ, డేవిడ్ వాల్స్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు ఈ సంగతిని లెక్కకట్టి 2002లో ప్రచురించారు. ‘ఆర్’ తరగతి చిత్రాలు సంఖ్యలో ఎక్కువగా తీస్తున్నారనీ, విజయం పొందే అవకాశం మాత్రం వాటికి తక్కువనీ వారు తేల్చారు. మన వైపు చూసినా అంతే. తెలుగు సినిమా చరిత్రలో అతి పెద్ద వసూళ్ల వరుస తీసుకోండి: ‘బాహుబలి 2’, ‘ఆర్ఆర్ఆర్’, ‘కల్కి 2898 ఏడీ’, ‘పుష్ప 2’. అన్నీ ‘యు/ఎ’ చిత్రాలే. ‘ఎ’ గెలిచిన చోట గెలిపించింది ఆ అక్షరం కాదు, హీరో పేరు, ముందస్తు ప్రచారం, ఒక వర్గం కుర్రాళ్ల ఉత్సాహం. పెద్ద సొమ్ము ఉన్నది మధ్య తరగతిలోనే, అంటే ‘యు/ఎ’లోనే.

మన ఆందోళన ఇక్కడే మొదలవుతోంది. డబ్బు ‘యు/ఎ’లో ఉన్నప్పుడు, పెద్దలకు తీసిన కథ కూడా ‘యు/ఎ’ చొక్కా తొడుక్కోవాలని చూస్తుంది. తాడేపల్లిగూడెం ఉల్లి మార్కెట్టులో కాయను చూసి గ్రేడు కడతారు, గ్రేడును బట్టి ధర పలుకుతుంది. సినిమా వ్యాపారంలో ముందు ధర అనుకుని, ఆ ధరకు తగిన గ్రేడు ఇమ్మని అడుగుతున్నారు. ఒక తల నరికే దృశ్యంలో రెండు సెకన్లు తగ్గిస్తారు, ఒక బూతు మాట మీద శబ్దం ఆపేస్తారు. కథలోని కసి, ఆడదాన్ని చూసే చూపు, చంపడంలోని సంబరం మాత్రం అలాగే ఉంటాయి. కోత పడింది దృశ్యానికే, సారానికి కాదు.

ఇది మన దేశానికే పరిమితం కాదు. అమెరికాలో 1984లో ‘పీజీ 13’ అనే మధ్య తరగతిని తెచ్చారు. 2013లో ‘పీడియాట్రిక్స్’ అనే వైద్య పత్రికలో వచ్చిన అధ్యయనం ఒక సంగతి బయటపెట్టింది. అత్యధిక వసూళ్ల చిత్రాలను పరిశీలిస్తే, ‘పీజీ 13’ చిత్రాల్లో తుపాకీ హింస 1985 నుండి మూడింతలకు పైగా పెరిగింది, 2012 నాటికి పెద్దల తరగతిని కూడా దాటిపోయింది. మన ‘బాహుబలి 2’ సంగతి చూడండి. ఇక్కడ పసిపిల్లలను ఒడిలో పెట్టుకుని చూసిన ఆ చిత్రాన్ని సింగపూరు బోర్డు 16 ఏళ్ల లోపువారు చూడరాదని వర్గీకరించింది. చిత్రం ఒక్కటే, పిల్లలూ పిల్లలే. గీత గీసిన చోటు మాత్రం వేరు.

గీత సంగతి కొల్లేటి ప్రజలకు ఎవరూ వివరించనక్కరలేదు. 1999లో అభయారణ్యానికి ఐదో కాంటూరు వరకు గీత గీశారు. చెరువుల లాభం ఆ గీతను దాటింది. 2006లో గట్లు కొట్టేశారు. 2008లో ఆ గీతను మూడో కాంటూరుకు కుదించాలని శాసనసభ తీర్మానించింది. ఆ గీత ఎక్కడ ఉండాలన్నది వేరే చర్చ, అందులో మన సంఘాల్లోని పేదల కన్నీళ్లు కూడా ఉన్నాయి. మేము చెప్పదలచింది ఒక్కటే. లాభం ఒకవైపు నుండి నెడుతున్నప్పుడు, రెండోవైపు కాపలా లేకపోతే ఏ గీతా ఉన్నచోట ఉండదు.

సినిమా హాలు గేటు దగ్గర కాపలా ఉందా? టికెట్టు చింపేవారు వయసు అడగడం మన ఊళ్లలో ఎంత అరుదో అందరికీ తెలుసు. మీసం మొలవని కుర్రాళ్లు ‘ఎ’ చిత్రానికి మొదటి ఆట చూసి, సోమవారం బడిలో డైలాగులు చెబుతున్నారు. ‘ఎ’ చిత్రాల వసూళ్లలో ఇలాంటి టికెట్ల వాటా ఎంతో ఎవరూ లెక్క చెప్పరు, చెప్పుకునే లెక్క కూడా కాదు. గేటు దగ్గర చట్టం అమలైతే, ‘ఎ’ వల్ల నష్టం లేదని చెప్పే ధైర్యం ఎంతమందికి ఉంటుందో!

‘యు/ఎ’ చిత్రమైతే నిశ్చింతగా ఉండవచ్చా? 2024 డిసెంబరు 4 రాత్రి హైదరాబాదు సంధ్య థియేటరు దగ్గర ‘పుష్ప 2’ ప్రీమియరు తొక్కిసలాటలో ఒక తల్లి చనిపోయింది, చిన్నవాడైన ఆమె కుమారుడు ప్రాణాపాయంలో పడ్డాడు. అది పిల్లలను తీసుకువెళ్లడానికి అనుమతి ఉన్న చిత్రమే. సర్టిఫికెట్టు కథ గురించి చెబుతుంది గాని, వేళ గురించి, జనం తోపులాట గురించి చెప్పదు. ఆ తరువాత 2025 జనవరిలో తెలంగాణ హైకోర్టు, 16 ఏళ్ల లోపు పిల్లలను ఉదయం 11కు ముందు, రాత్రి 11 తరువాత హాళ్లలోకి రానివ్వకుండా చూడాలని చెప్పింది. మల్టీప్లెక్సు యాజమాన్యాలు వ్యాపారం దెబ్బతింటోందని కోర్టుకు వెళ్లగా, మార్చిలో ఆ ఉత్తర్వు సడలింది. వారి నష్టం నిజమే కావచ్చు. కానీ నష్టాన్ని లెక్కకట్టి చూపించే వకీళ్లు వ్యాపారానికి ఉన్నారు. అర్ధరాత్రి ఆటలో నిద్రతో తూగే పిల్లవాడి తరఫున ఎవరున్నారు?

2025 సంక్రాంతికి ‘సంక్రాంతికి వస్తున్నాం’ ఇంటిల్లిపాదినీ హాలుకు రప్పించింది. కత్తులు, రక్తం లేని వినోదానికి ఎంత గిరాకీ ఉందో ఆ చిత్రం మరోసారి చూపించింది, అందుకు సంతోషమే. అయితే అందులో జనం అందరికన్నా ఎక్కువగా నవ్వింది ఓటీటీ చూసి బూతులు నేర్చుకున్న ఒక చిన్నపిల్లవాడి పాత్రను చూసి. తల్లిదండ్రులకు హెచ్చరికగా ఉండవలసిన ఆ సంగతి, పిల్లలకు అనుకరించదగిన తమాషా అయింది. కుటుంబ చిత్రం అన్న ముద్ర ఉన్నా, పక్కన కూర్చుని మాట్లాడవలసిన పని తల్లిదండ్రులకు తప్పలేదు.

పెద్దల చిత్రాల వ్యాపారం గురించి మాట్లాడేటప్పుడు ఏలూరు ప్రాంతపు వారమైన మనం ఒక మనిషిని మరచిపోకూడదు. దెందులూరు మండలం కొవ్వలిలో 1960లో పేద ఇంట పుట్టి, నాలుగో తరగతితోనే చదువు ఆగిపోయి, చిన్న వయసులోనే పెళ్లి చేయబడి, ఆ బాధ తాళలేక మద్రాసు చేరిన ఆడపిల్ల విజయలక్ష్మి. లోకానికి ఆమె సిల్క్ స్మిత. 1980లలో ఆమె పాట ఒకటి చేరిస్తే గాని సినిమా అమ్ముడుపోదని పంపిణీదారులు నిర్మాతలను అడిగే రోజులుండేవి. 1996లో ముప్పై ఆరేళ్లు నిండకుండానే మద్రాసులో ఆమె ప్రాణం తీసుకుంది. ఆమె జీవితం ఆధారంగా 2011లో హిందీలో ‘ది డర్టీ పిక్చర్’ తీశారు. దానికి ‘ఎ’ వచ్చింది, డబ్బూ వచ్చింది. 2012 ఏప్రిల్లో కోతలు పెట్టి ‘యు/ఎ’ తెచ్చుకుని టీవీలో వేయబోతే, ప్రభుత్వం రాత్రి పొద్దుపోయాక వేయమనడంతో ఆ ప్రసారం ఆగిపోయింది. చూసేవారి వయసు గురించి అంత చర్చ జరిగింది. తెర మీద చూపబడిన ఆమె వయసు గురించి, ఆమె పేదరికం గురించి ఆనాడు ఎవరు చర్చించారు? ఆమెను తిట్టినవారిలో సంఘాల వాళ్లూ ఉన్నారు, దొంగచాటుగా ఆ పాటలు చూసినవారిలోనూ సంఘాల వాళ్లూ ఉన్నారు. మన పొరుగు ఊరి ఆడబిడ్డ అని కన్నీరు కార్చినవారు తక్కువ. సర్టిఫికెట్టు చూసేవాడిని కాపాడుతుందేమో గాని, అమ్మబడే మనిషిని కాపాడదు.

ఇక మన సంగతికి వద్దాము. సినిమా అంటేనే పాపమని చెప్పే సంఘాలు మన ప్రాంతంలో చాలా ఉన్నాయి. అదే సంఘాల్లో 1978 నాటి ‘కరుణామయుడు’ను తెర కట్టి చూపించాము. చిత్రం అనేది ఒక పాత్ర వంటిది, అందులో ఏమి పోశారన్నది ముఖ్యమని మనమే ఒప్పుకున్నట్టు. మరోవైపు, మనకు ఇష్టమైన చిత్రమైతే మనమూ సర్టిఫికెట్టు చూడము. 2004లో మెల్ గిబ్సన్ తీసిన ‘ది ప్యాషన్ ఆఫ్ ది క్రైస్ట్’ అమెరికాలో హింస కారణంగా ‘ఆర్’ తరగతి చిత్రం. సంఘాలు టోకుగా టికెట్లు కొన్నాయి. ఆ దేశంలో ఆ తరగతి చిత్రాల్లో అత్యధిక వసూళ్ల రికార్డు 2024 వరకు దానిదే. మరుసటి సంవత్సరం కొన్ని నిమిషాలు తగ్గించి మెత్తటి ప్రతిని విడుదల చేశారు. అయినా దానికి తక్కువ తరగతి దొరకలేదు, జనమూ రాలేదు. మన ప్రభువు శ్రమలను గురించిన చిత్రమైనా, ఎనిమిదేళ్ల బిడ్డ ఆ కొరడా దెబ్బలను అన్ని నిమిషాలు చూడవచ్చా అన్న ప్రశ్న న్యాయమైనదే. కథ పరిశుద్ధమైనదైతే వయసు అడగనక్కరలేదని అనుకోరాదు.

అపొస్తలుడైన పౌలు కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక ఎనిమిదో అధ్యాయంలో విగ్రహాలకు అర్పించిన మాంసం గురించి మాట్లాడాడు. నాకు జ్ఞానముంది, నాకు హాని లేదు అనేవాడికి ఆయన వేసిన ప్రశ్న వేరు: నిన్ను చూసి నీ బలహీనుడైన సహోదరుడు ఏమవుతాడు? మన ఇంట్లో ఆ బలహీనుడు పక్కన కూర్చున్న పిల్లవాడు. నాన్న మొబైల్లో ఏమి చూస్తున్నాడో వాడు చూస్తాడు. తండ్రి రాత్రి చేపల చెరువు కాపలాకు వెళితే, ఇంట్లో మిగిలిన మొబైలుకు కాపలా ఎవరూ లేరు. సినిమా హాలుకైనా ఒక గేటు ఉంది, మొబైలుకు అదీ లేదు.

కాబట్టి మన సంఘాలకు కొన్ని మాటలు. సినిమాకు వెళ్లే కుటుంబాలు టికెట్టు కొనకముందే ఆ అక్షరాన్ని, పక్కనున్న అంకెను చదవాలి. ఆన్‌లైన్ టికెట్ల యాపులో అది చిత్రం పేరు పక్కనే ఉంటుంది. ‘ఎ’ అయితే పిల్లలను తీసుకువెళ్లవద్దు, గేటు దగ్గర అడ్డుకోకపోయినా సరే. చట్టాన్ని ఎవరూ చూడనప్పుడు కూడా పాటించడమే మన సాక్ష్యం. ‘16 ప్లస్’ అని ఉంటే అది మనకు సలహా కాదు, హద్దు అనుకుందాము. ఓటీటీ యాపుల్లో వయసును బట్టి తాళం వేసే ఏర్పాటు ఉంది. మన యౌవనస్థుల సమాజాలు ఒక ఆదివారం ఆరాధన తరువాత కూర్చుని, తల్లిదండ్రుల మొబైళ్లలో ఆ తాళం వేసి చూపించవచ్చు. కాపరులు పులిపీఠం మీదనుండి సినిమాలను తిట్టి ఊరుకోకుండా, యౌవనస్థులు చూసిన దాని గురించి వారితో కూర్చుని మాట్లాడాలి. మన సంఘాల్లో సినిమా హాళ్లలో పనిచేసేవారు ఉన్నారు. గేటు దగ్గర నిలబడే ఆ సహోదరుడు ఒక కుర్రాడిని వెనక్కు పంపితే యజమాని కోప్పడవచ్చు. అతని కోసం ప్రార్థించడమే కాదు, అతని పక్షాన నిలబడి మాట్లాడడమూ పెద్దల బాధ్యత.

‘ఎ’ సర్టిఫికెట్టు ఎవరికి నష్టం అని వ్యాపారం అడుగుతోంది. దాని జవాబు దాని పుస్తకాల్లో ఉంది: కొందరికి నష్టం, కొందరికి లాభం, చాలామందికి ‘యు/ఎ’ కోసం బేరం. సంఘం అడగవలసిన ప్రశ్న ఒక్కటే, ఆ బేరంలో మన పిల్లలను ఎంతకు లెక్కవేశారని. ఆ లెక్కలో వాళ్లు టికెట్లు. ప్రభువు ఒక చిన్నబిడ్డను శిష్యుల మధ్య నిలబెట్టినప్పుడు చూసిన చూపు వేరు. ఆ చూపుతో మన పిల్లలను చూచే కృపను దేవుడు మన కుటుంబాలకు అనుగ్రహించును గాక.